తెల్లవైపు పుస్తకాలు

మా అత్తయ్య కాగితం పారేయదు. మా జిరాక్స్ దుకాణంలో వంకరగా వచ్చిన కాపీ, మసకగా వచ్చిన కాపీ, నల్లగా అలుక్కుపోయిన కాపీ, అన్నీ నేను బుట్టలో వేస్తాను. ఆవిడ మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని వాటిని ఏరి, సగానికి కోసి, తెల్లవైపు పైకి పెట్టి, పెద్ద సూదితో కుట్టి చిన్న పుస్తకాలు చేస్తుంది. వాటిని వీధిలో తెలిసినవాళ్లకి ఊరికే పంచుతుంది. పొదుపూ పరోపకారమూ రెండూ ఒకే దారంతో కుట్టేస్తున్నానని ఆవిడ మురిపెం.

మంగళవారం ఉదయం ఆ మురిపెం నా పీకల మీదికి వచ్చింది. మా ఆయన చొక్కాకి ఇస్త్రీ అతను గుచ్చిన చీటీ తీసి చూశాను. ఒకవైపు చొక్కాలు ఆరు, ప్యాంట్లు మూడు అని ఉంది. రెండోవైపు నుంచి మా వీధి డ్రిల్లు మాస్టారు గుడ్లురిమి నన్నే చూస్తున్నారు. ఆయన ఫొటో, పుట్టిన తేదీ, గుర్తింపు కార్డు నంబరు, ఇంటి చిరునామా, కింద దర్జాగా సంతకం. ఏ దొంగవెధవ అయినా ఆ చీటీ పట్టుకెళ్లి మాస్టారి పేరు మీద ఫోన్ కనెక్షన్ తీసుకుని ఊరంతటినీ ముంచవచ్చు. పోలీసులు మాత్రం మాస్టారి తలుపే తడతారు.

దుకాణం ముందు "మీ కాగితాలు మా దగ్గర భద్రం" అని బోర్డు రాయించింది నేనే. సంగతి బయటపడితే ఇక ఆ గుమ్మం ఎవరూ తొక్కరు. నాకు భయం వేసింది. అంతకంటే ఎక్కువగా ఒళ్లు మండింది.

ఎంతమందికి ఇచ్చారని నిలదీస్తే అత్తయ్య వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఇస్త్రీ అతను, సైకిళ్లు బాగుచేసే ఆయన, పాల బూత్ ఆవిడ, ఆఖర్న సాక్షాత్తు డ్రిల్లు మాస్టారు. రిటైరయ్యాక ఆయన రోజూ పార్కులో పెద్దవాళ్లచేత వ్యాయామం చేయిస్తారు. వాళ్ల హాజరు ఆ పుస్తకంలోనే వేస్తారట.

వెళ్లి అడిగి తెచ్చేస్తానన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. అడిగితే ఎందుకంటారు, ఎందుకన్నవాళ్లు తిప్పి చూస్తారు, చూస్తే కొంప మునుగుతుంది అంది. అది నిజమే. ఆవిడ, నంబరు ఇంకా ఎవరికీ తెలియని మా మరిది కొత్త ఫోన్ లాక్కుని, గొంతు మార్చి, ఒక్క నిమిషంలో కాగితాల కంపెనీ మేడమ్ అయిపోయింది. ఆ కాగితానికి వెనకవైపు పొరపాటున ఏదో రసాయనం అంటిందట, ముట్టుకుంటే చేతులు దురద పెడతాయట, తిప్పి చూడకుండా జిరాక్స్ దుకాణంలో ఇచ్చేయాలట.

ఇస్త్రీ అతనికి ఫోన్‌లోనే దురద మొదలైంది. నమ్మకం కుదరాలని అత్తయ్య అందరినీ పూర్తిపేరు అడిగింది, అంతే. సైకిళ్లాయన పేరుతోపాటు పుట్టిన తేదీ కూడా చెప్పాడు. పాల బూత్ ఆవిడ కార్డు వెతికి మరీ నంబరు చదివింది. మాస్టారైతే నష్టపరిహారం ఏమైనా ఇస్తారా అని వాకబు చేసి, ఇవ్వకపోతారా అని ఆశపడి, బ్యాంకు ఖాతా నంబరు ఒక్కో అంకే విడివిడిగా, రెండుసార్లు చెప్పారు. అత్తయ్య చెయ్యి ఊరుకోదు కదా, అన్నీ రాసుకుంది. దేనిమీద రాసుకుందో చూసే ధైర్యం నాకు లేకపోయింది.

మధ్యాహ్నానికి ముగ్గురు పుస్తకాలు తెచ్చారు, రెండు వేళ్లతో పట్టుకుని, ముఖం పక్కకి తిప్పుకుని. వాళ్లు వెళ్లగానే బకెట్ నీళ్లలో ముంచి పిసికేశాను.

మాస్టారు చివర వచ్చారు. పుస్తకం బల్లమీద పెట్టారు గాని కదల్లేదు. ముఖం పాలిపోయి ఉంది.

"కాగితాల కంపెనీకి నా ఖాతా నంబరెందుకమ్మా? దారిలో తట్టింది నాకు."

బ్యాంకుకి పోయి ఖాతా మూసేస్తాననీ, అట్నుంచి అటే పోలీస్ స్టేషన్‌కి వెళ్తాననీ చెప్పి, ఫిర్యాదుకి కావాలంటూ తన కార్డు జిరాక్స్ తీయమని నాకే ఇచ్చారు. అత్తయ్య మెల్లగా మిషన్ వెనక్కి జరిగింది. నోరు మూసుకుంటే దుకాణం నిలుస్తుంది. కానీ ఆ ముఖం చూశాక నావల్ల కాలేదు. ఆయన్ని చూస్తే జాలి, నన్ను చూసుకుంటే సిగ్గు వేశాయి.

"ఎక్కడికీ వెళ్లకండి మాస్టారూ. ఫోన్ చేసింది మా అత్తయ్య."

మొదట్నుంచీ అంతా చెప్పేసి, ఇస్త్రీ చీటీ ఆయన ముందు పెట్టాను. మాస్టారిది పార్కు గేటు అవతలికి వినబడే గొంతు. ఆ అరుపు వీధంతా వింటుంది, దుకాణం పని అయిపోయినట్టే అనుకున్నాను.

ఆయన అరవలేదు. వీధివైపు ఒకసారి చూసి, కుర్చీ నా దగ్గరికి లాక్కున్నారు. రోజూ వ్యాయామం అయ్యాక ముప్పైమందిని నిలబెట్టి, ఫోన్‌లో అడిగినవాళ్లకల్లా వివరాలు చెప్పేవాళ్లు బుర్రలేనివాళ్లని ఉపన్యాసం ఇచ్చేది ఈయనే.

"ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వకమ్మా," అన్నారు లోగొంతుకతో.

కాళ్లమీద పడైనా ఆయన్ని నేను అడుగుదామనుకున్నది అదే. పెద్దాయన అంతగా అడుగుతున్నారు కదా అని, కాసేపు ఆలోచించినట్టు నటించి, సరేనన్నాను.