తాత పేరున్న ఆంబోతు

మా తాత చినెంబిరి పోయిన ఏడాదికి ఒక నల్ల కోడెదూడకు ఆయన పేరు పెట్టారు. దాన్ని ఎవరమూ అదిలించేవాళ్లం కాదు. పొద్దున్నే చేతులు తట్టి దండం పెట్టేవాళ్లం. దాన్ని కోయాలంటే ముందు ఇంకో కోడెకు ఆ పేరు పెట్టాలి. లేకపోతే తాత దిక్కులేకుండా తిరుగుతాడు.

యుద్ధం అయ్యాక మా నేలను హాలిస్ దొరకు ఇచ్చారు. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చాడు. యుద్ధం చేసినందుకు బహుమానమట. మా అన్న మునెత్సి అదే యుద్ధంలో బర్మా అడవుల్లో రెండేళ్లు ఉన్నాడు. అతనికి ఒక కోటు ఇచ్చారు.

హాలిస్ ఎర్ర ఆవుల్ని తెప్పించాడు. నల్లవాళ్ల ఆంబోతులు వాటి దగ్గరికి రాకూడదన్నాడు. అన్నిటికీ విత్తులు కొట్టాలి, కాదన్నవాడు ఊరు విడిచి పోవాలి అన్నాడు. ఆయన దొడ్లో విత్తులు నొక్కే పట్టకారు పట్టేది నేనే. మూడు రోజుల్లో ఊళ్లో ఆంబోతులన్నీ అయిపోయాయి. నాలుగో రోజు మా వాకిట్లోకి వచ్చాం.

అయ్య రాగుల కల్లు తెచ్చి ఆంబోతు వీపు మీద పోశాడు. మా వాళ్లు అలాగే అడుగుతారు. ఒళ్లు విదిలిస్తే ఒప్పుకున్నట్టు.

"నాన్నా, ఊరు పోతుంది. ఏం చెయ్యమంటావు?" అన్నాడు.

హాలిస్ దగ్గరి మేస్త్రీ కమోవా నవ్వాడు. వాడిది వేరే దేశం, న్యాసాలాండు, మా పద్ధతులు తెలియవు. "గొడ్డుకి పోస్తావేంటి ముసలాయనా? ఆ కుండేదో ఇటివ్వు, ఎంత అడిగితే అంత విదిలిస్తా!"

ఆంబోతు కదల్లేదు. కల్లు కడుపు కింద నుంచి కారిపోయింది. అడక్కుండా ఉండాల్సింది. అడిగాక జవాబు దాటడానికి లేదు.

"వద్దంటున్నాడు దొరా," అన్నాడు అయ్య.

"ఎవడు?" అన్నాడు హాలిస్.

"ఈ గొడ్డు వాళ్ల నాన్నంట దొరా," అన్నాడు కమోవా.

"అయితే ఈ వయసులో ఆయనకు పెళ్లాం ఎందుకని అడుగు."

కమోవా పడీ పడీ నవ్వాడు. అయ్య ఆంబోతుకు అడ్డంగా నిలబడ్డాడు. కమోవా కొరడా ఆయన ముఖం మీద పడింది. ఒక కన్ను పోయింది. రెండో కన్ను నిండా నెత్తురు.

మునెత్సి వచ్చి కొరడా లాక్కున్నాడు. కమోవా మెడకు చుట్టి నేలకు పడేశాడు. హాలిస్ తుపాకీ ఎత్తాడు. అన్నకు కడుపులో తగిలింది. కూర్చుని పేగుల్ని చేత్తో లోపలికి తోసుకుంటున్నాడు.

"పట్టకారు తియ్," అన్నాడు హాలిస్ నాతో.

ఆంబోతు కాళ్లు కట్టేశారు.

"ఒరే చిన్నోడా," అన్నాడు అయ్య, నేను ఎక్కడున్నానో తెలియక గోడవైపు తిరిగి. "ఆయన్ని మగతనం లేనివాణ్ణి చేసి నాకు నీ ముఖం చూపించకు."

పట్టకారు కింద పడేశాను. కట్టెల దగ్గర గొడ్డలి ఉంది. మెడ మీద కొట్టాను. చావలేదు. అరిచింది. మళ్లీ కొట్టాను. నాలుగో దెబ్బకు మెడ తెగింది. హాలిస్ తుపాకీ మడమతో నా నోటి మీద కొట్టాడు. పళ్లు మింగేశాను.

మధ్యాహ్నానికి అన్న పోయాడు. ఆ మాంసం ఎవరూ తినకుండా హాలిస్ దానిమీద కిరసనాయిలు పోయించాడు. ఇళ్లు తగలబెట్టారు. నన్ను జైల్లో వేశారు. మా వాళ్లను లారీల్లో ఉత్తరానికి తోలారు. అక్కడ నెత్తురు పీల్చే ఈగ కుట్టి గొడ్లు చస్తాయి. అక్కడివాళ్ల భాష వేరు. వాళ్ల పొలాల్లోనే మమ్మల్ని దింపారు, వాళ్లు మమ్మల్ని రాళ్లతో కొట్టారు.

నేను జైలు నుంచి వచ్చేసరికి అయ్య ఆకుల గుడిసెలో ఉన్నాడు. రెండో కన్నూ పోయింది. నా ముఖం తడిమాడు. పళ్లు లేని చోట వేళ్లు ఆపాడు.

"ఆ రోజు నాకేం కనబడలేదురా. నాన్న ఒక్క దెబ్బకే పోయాడా?"

"ఒక్క దెబ్బకే అయ్యా."

"మరి ఆ అరుపు?"

"అది అన్న," అన్నాను.