తిరగబడ్డ గీతలు

గణేశ్వరరావు కంప్యూటరు కోడ్‌లో తాను రాసిన ఏ ఫంక్షన్‌కూ ఒక్క ముక్క వివరణ రాసిన పాపాన పోలేదు. తెరమీద బొమ్మల్ని కదిలించే కోడ్ లైబ్రరీ మొత్తం ఒంటిచేత్తో రాశాడు, కాదనడానికి లేదు. కానీ ఏది ఎందుకో అడిగితే చాలు, "పేరు సూస్తే తెలీదేటి, లీదియా?" అంటాడు. తెలిస్తే తనెందుకు అడుగుతుందని లీదియాకు ఒళ్ళు మండేది.

ఆ వివరణలు రాసే ఉద్యోగం లీదియాది. సముద్రం మధ్య దీవిలో, మిడిల్ పాయింట్ అనేచోట ఫోటో స్టూడియో పైనున్న గదిలో పనిచేసేది వాళ్ళిద్దరే. కంపెనీ చెన్నైలో ఉంది. సాయంత్రంలోగా 'ఈజింగ్' పేజీ సరిగ్గా చేరకపోతే పనంతా చెన్నైకే తెచ్చుకుంటామని మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. అంటే గరాచర్మలో ఇంటినీ, అమ్మనూ, ఆదివారం తెలుగు ఆరాధనలో తను వాయించే కీబోర్డునూ వదిలి లీదియా ఓడెక్కాలి. లేదంటే ఉద్యోగం వదులుకోవాలి. రెండూ ఆమెకు ఇష్టం లేదు.

ఈజింగ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. తెరమీద బొమ్మ ఒకే వేగంతో కదిలితే చూడ్డానికి చచ్చుగా ఉంటుంది. అందుకని ఒక రకంలో నెమ్మదిగా బయల్దేరి చివర్లో జోరందుకుంటుంది. ఇంకోదాంట్లో జోరుగా బయల్దేరి నెమ్మదిగా ఆగుతుంది. మరోదాంట్లో రెండు చివర్లా నెమ్మదే. ఒక్కోదానికీ ఒక్కో వంపు గీత గీసి చూపించాలి. లీదియా వాటిని ఆ లైబ్రరీ చేతే గీయించింది. కంప్యూటరు తెర పైనుంచి కిందికి లెక్కపెడుతుంది కాబట్టి ఎక్కాల్సిన గీతలన్నీ దిగుతూ వచ్చాయి. అన్నిటినీ ఒక్క దెబ్బకు తిప్పేసి, ఒకటి తెరిచి చూసి, బాగుందనుకుని పంపడం మొదలెట్టింది.

సముద్రం అడుగున కేబుల్ ఇంకా పడలేదు. నెట్ ఆకాశం నుంచి దిగిరావాలి, మబ్బు పట్టిందంటే అదీ రాదు. పొద్దున కూర్చుంటే ఆఖరి బొమ్మ ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది. లీదియాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు తీరిగ్గా వచ్చి చూశాడు గణేశ్వరరావు.

"ఏటిది లీదియా, గీతలన్నీ ఉల్టా ఉన్నాయి."

నిజమే. పైదాన్ని కిందికి తిప్పాల్సింది పోయి, కుడిని ఎడమకు తిప్పింది. అలా తిప్పినా గీత ఎక్కుతూనే కనిపిస్తుంది గానీ, నెమ్మదిగా బయల్దేరాల్సింది జోరుగా బయల్దేరుతుంది. ఆమె తెరిచి చూసుకున్నది రెండు చివర్లా నెమ్మదిగా ఉండే గీత. దాన్ని ఎలా తిప్పినా ఒకేలా ఉంటుంది. అన్నిట్లోకీ దాన్నే ఎందుకు తెరిచానా అని లీదియా తల పట్టుకుంది.

"మళ్ళీ పంపాలంటే రేపటికి గానీ అవదు."

"బొమ్మలెందుకు పంపడం? కోడ్‌లో ఫంక్షన్ల పేర్లు మార్చీద్దాం. దీని పేరు దానికి, దాని పేరు దీనికి. చోటా కామ్, ఇట్టే ఎల్లిపోద్ది."

"నెట్ స్లో అని కోడ్ మార్చేస్తావా భయ్యా? రేపు దాన్ని వాడుకునేవాళ్ళ బొమ్మలన్నీ తిరగబడి కదుల్తాయి. దిమాగ్ ఉందా నీకు?"

"నీ నౌకరీ కోసమే సెప్తన్నాను," అని నొచ్చుకుని తన కుర్చీలోకి వెళ్ళిపోయాడు.

లీదియా మేనేజరుకు మెయిల్ రాసింది. గీతలు పక్కకు తిరిగిపోయాయి, తప్పు నాదే, రేపటిదాకా గడువివ్వండి. రాయడం చప్పున అయిపోయింది గానీ, పంపడానికే చెయ్యి రాలేదు. చివరికి కళ్ళు మూసుకుని పంపేసింది.

టీ చల్లారకముందే జవాబొచ్చింది. బొమ్మల్ని అక్కడే సగం చుట్టు తిప్పారట, సరిపోయాయట. పేజీ బాగుంది, ఇకమీదట కూడా మీరు అక్కణ్ణుంచే చెయ్యండి అని రాశాడు. పొద్దుటి నుంచి తను పడ్డ యాతనంతా అంత తేలిగ్గా తీరిపోయినందుకు లీదియాకు సంతోషమూ కలిగింది, మంటా పుట్టింది.

"భయ్యా, గీతలు వాళ్ళే సరిచేశారు."

రెయిన్‌కోటు తొడుక్కుంటున్న గణేశ్వరరావు చెయ్యి సగంలో ఆగిపోయింది.

"మరి నేను పేర్లు మార్చీసి పంపించీసినానే. సెప్తే ఆపుతావని సెప్పలేదు."

ఇప్పుడు గీతలు సరిగ్గా ఉన్నాయి, పేర్లు తిరగబడ్డాయి. బాగుందని ఇప్పుడే అనిపించుకున్న పేజీ అణువణువూ తప్పు.

"వెనక్కి లాగు. ఇప్పుడే."

అతను వంగి చూశాడు. రేకుల మీద వాన మొదలైంది, నెట్ పోయింది.

తిట్టడానికి లీదియాకు ఓపిక లేదు. మేనేజరు నంబరు నొక్కి, అవతల మోగడం విని, ఫోన్ తీసుకెళ్ళి గణేశ్వరరావు చేతిలో పెట్టింది.

"నా తప్పు నేను చెప్పుకున్నాను. నీది నువ్వు చెప్పుకో."

అతను ఒక చేతికి రెయిన్‌కోటుతో నిలబడిపోయాడు. ఫోన్లో మేనేజరు, "చెప్పండి లీదియా, ఇంకేమైనా ఉందా?" అంటున్నాడు.