అందుకున్న బండి

ఆదివారం మూడు కాగానే కళ్ళద్దాల షాపాయన షట్టరు సగానికి దించి, వెనక గదిలో బల్ల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచేవాడు. కళ్ళు పరీక్షించే దీపాన్ని బల్ల మీదికి వంచేవాడు. ఆ వెలుతురులో బొమ్మకార్ల తప్పులన్నీ బయటపడేవి. బొమ్మకార్లంటే పిల్లలు ఆడుకునేవి కావు. అసలు బండిలో ఇరవై నాలుగో వంతు ఉండే నమూనాలు. ప్లాస్టిక్ ముక్కలు కోసి, అతికించి, గరుకు కాగితంతో రుద్ది, పొర మీద పొర రంగు వేసి నెలల తరబడి చేసేవి.

వచ్చేది నలుగురే. షాపాయన, రిటైరైన బస్సు కండక్టరు, దర్జీ, కట్టుడుపళ్ళు తయారుచేసే ఆవిడ. ఆవిణ్ణి అందరూ పళ్ళక్క అనేవాళ్ళు. పొద్దంతా ఎవరెవరి నోళ్ళకో పళ్ళు చెక్కి, సాయంత్రం అదే పనిముట్లతో కారు తలుపులకి పిడులు చెక్కేది.

అక్కడొక పద్ధతుండేది. బండి బల్ల మీద పెట్టినవాళ్ళు నోరు మెదపకూడదు. మిగతా ముగ్గురూ తలా ఒక మంచి, ఒక తప్పు చెప్పాలి. ఎవరైనా మొహమాటానికి మెచ్చుకుంటే కండక్టరు ఊరుకునేవాడు కాదు.

"టికెట్ లేకుండా ఎక్కించకండి మహానుభావా! ఆ అద్దం మీద జిగురు వేలిముద్ర నాకే కనిపిస్తోంది, మీకు కనపడదూ? కళ్ళజోళ్ళు అమ్ముకునేవాళ్ళు!"

ఆ గదిలో అన్నిటికన్నా పెద్ద మెప్పు 'అందుకుంది' అన్న మాట. కొలతా, రంగూ, మాసినతనం అన్నీ సరిగ్గా కుదిరిన నమూనా తన అసలు బండిని అందుకునేది. అక్కడ వాన పడితే ఇక్కడ తడిసేది. షాపాయన చేసిన జీపు తాలూకు అసలుది ఎక్కడో కొండదారుల్లో తిరుగుతుండేది. ఆయన నమూనా కింద సాసరు పెట్టి, రోజూ పొద్దున్నే బురదనీళ్ళు పారబోసేవాడు. కండక్టరు తాను ముప్పై ఏళ్ళు టికెట్లు కొట్టిన బస్సుని చేశాడు. ఆ బస్సుని తుక్కులో వేసిన రోజు, అల్మరాలో ఉన్న నమూనా కూడా నలిగి ముద్దయింది. ఆయన రెండు రోజులు భోజనం ముట్టలేదు. బండి అందుకోలేదంటే పనిలో ఎక్కడో లోపం ఉన్నట్టు. అంతకుమించి ఎవరూ దాని గురించి చర్చ పెట్టుకోలేదు.

నలుగురిలో మంచి చెయ్యి దర్జీది. కానీ ఆయన పద్నాలుగు నెలలుగా ఏమీ చెయ్యడంలేదు. ఆయన భార్య ఆస్పత్రి వంటగదిలో పనిచేసేది. మంచు దట్టంగా పట్టిన ఒక తెల్లవారుజామున సైకిలు మీద డ్యూటీకి వెళ్తుంటే, గిడ్డంగుల రోడ్డులో ఏదో కారు గుద్ది వెళ్ళిపోయింది. ఆరున్నరకి పాలవ్యాను డ్రైవరు చూసేదాకా ఆమె రోడ్డు మీదే ఉంది. ముందే తీసుకొచ్చి ఉంటే బతికేదేమో అని డాక్టరు ఒక్కసారి అన్నాడు, మళ్ళీ అనలేదు. ఆ కారు దొరకలేదు. నెల తిరిగాక దర్జీ మళ్ళీ ఆదివారాలు రావడం మొదలుపెట్టాడు. తనకంటూ కుంచె పట్టుకోలేదు. పక్కవాళ్ళ బళ్ళు చూసి, ఒక మంచి, ఒక తప్పు చెప్పి వెళ్ళిపోయేవాడు.

పళ్ళక్కకి ఇంట్లో ఉన్నది తమ్ముడొక్కడే. తనకంటే పన్నెండేళ్ళు చిన్న. వాళ్ళ నాన్న డ్రైవింగు నేర్పేవాడు. ఆయన పోయాక ఆయన బూడిదరంగు కారు తమ్ముడికి వచ్చింది. అందులో పొద్దున్నే ఆస్పత్రులకి మందులు చేరవేసేవాడు. అలాంటివాడు ఒకరోజు కారు అమ్మేశానన్నాడు. ఇంజను పోయిందట, పొరుగూరి వాళ్ళెవరో తీసుకున్నారట. అప్పట్నుంచీ గిడ్డంగిలో సరుకు లెక్కచూసే పనికి వెళ్తున్నాడు. వెళ్ళడానికి గంట, రావడానికి గంట, నడకే. వీధి చివరికి కూడా కారు తీసేవాడు ఇప్పుడు బస్సు కూడా ఎక్కడు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంటాడు. నాన్న పోయిన దిగులనుకుంది పళ్ళక్క. నాన్న కారుని చేసి వాడి చేతిలో పెడితే కాస్త తేరుకుంటాడేమో అనుకుంది. దర్జీ భార్య పోయిందీ, కారు పోయిందీ ఒకే నెలలో. ఆ రెండూ ఆమెకి తెలుసు. పక్కపక్కన పెట్టి చూసుకోలేదు, అంతే.

ఆ కారుని చేసి మొదటి ఆదివారం బల్ల మీద పెట్టినప్పుడు కండక్టరు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"తలుపుల మధ్య సందులు బాగా తీశావమ్మాయ్. కానీ బానెట్ చూడు, రంగు నారింజ తొక్కలా గరుగ్గా తేలింది. రుద్ది మళ్ళీ వెయ్యి."

"బూడిదరంగు కుదిరింది" అన్నాడు షాపాయన. "కానీ మరీ పెళ్ళికొడుకులా ఉందమ్మా. ఇరవయ్యేళ్ళు ఎండలో నిలబడిన కారు పైకప్పు ఇలా మెరవదు."

దర్జీ అన్నిటికన్నా ఎక్కువసేపు చూశాడు. "సీట్ల కుట్టు బాగుంది" అన్నాడు. "మీ నాన్నగారు డ్రైవింగు నేర్పేవారు కదమ్మా. పక్కసీటు దగ్గర ఆయనకి ఇంకో బ్రేకుండాలి. అదేదీ?"

పళ్ళక్క తల కొట్టుకుంది. చిన్నప్పుడు ఆ సీట్లో కూర్చుంటే ఆ బ్రేకు కాలికి తగిలేది. దాన్నే మర్చిపోయింది.

బానెట్ రుద్ది మళ్ళీ రంగు వేసింది. పైకప్పు మెరుపు చంపింది. పంటికి వేసే తీగ వంచి, గోటిలో సగం కూడా లేని రెండో బ్రేకు చేసి పట్టకారుతో లోపల అమర్చింది. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే కారు పైకప్పు మీద సన్నగా రంపపు పొట్టు పడి ఉంది. ఊదితే పోయింది. సాయంత్రానికి మళ్ళీ పడింది. నాలుగు టైర్లలోనూ గాలి లేదు.

"అందుకుందండీ!" అంది ఆదివారం, గది గుమ్మంలోంచే.

"కొన్నవాడెవడో కర్రల అడితీ వాడన్నమాట" అన్నాడు కండక్టరు. "బండిని మూలన పడేశాడు, తిప్పడంలేదు పాపం."

"ముందు కొత్తవి వస్తాయి" అన్నాడు షాపాయన. "పాత దెబ్బలు నెమ్మదిగా తేలతాయి. కంగారుపడి సరిచెయ్యకు."

ఆ వారంలోనే ఎడమ దీపం పగిలింది. పళ్ళక్క కొత్త అద్దం చెక్కి అతికించింది. తెల్లారేసరికి మళ్ళీ పగిలింది. మూడోసారి పగిలాక వదిలేసింది. తర్వాత బానెట్ ఎడమ మూల లోపలికి నొక్కుకుపోయింది. శనివారం నాటికి బంపరు మీద వెంట్రుకంత సన్నని ఎర్రగీత తేలింది. తుడిచింది. పోలేదు. తమ్ముడికి ఇద్దామనుకున్నది ఇలా అయిందేమిటని బాధపడి, ఏం చెయ్యాలో వాళ్ళనే అడుగుదామని ఆదివారం పట్టుకెళ్ళింది.

కారు బల్ల మీద పెట్టి, పద్ధతి ప్రకారం నోరు మూసుకుని కూర్చుంది.

కండక్టరు ఏదో హాస్యమాడబోయి ఆగిపోయాడు. షాపాయన దీపం ఇంకాస్త కిందికి వంచాడు, వెంటనే పైకి లేపేశాడు. బంపరు మీది ఎరుపు ఆ ముగ్గురికీ తెలుసు. పళ్ళక్కకీ తెలిసినదే, కానీ ఆ దీపం కింద చూశాకే గుర్తుపట్టింది. అది బజారులో దొరికే రంగు కాదు. దర్జీ ఒకప్పుడు ఓ రేసుకారు కోసం ఆరు ఆదివారాలు తంటాలుపడి కలిపిన ఎరుపు. ఎండిన దానిమ్మ తొక్కలా లోపల్నుంచి నల్లగా కనిపించేది. "ఇంకో చుక్క నలుపు", "ఇంకో అరచుక్క" అంటూ నలుగురూ కలిసి తేల్చిన రంగు. డబ్బాలో మిగిలింది ఆయన భార్య అడిగి తీసుకుని, తన సైకిలుకి వేయించుకుంది.

దర్జీ భూతద్దం తీసుకున్నాడు. ఆ గీతని ఈ చివర్నుంచి ఆ చివరికి చూశాడు. భూతద్దాన్ని చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ చూశాడు.

"రంగు సరిగ్గా ఉంది" అన్నాడు.

ఇంక తప్పు చెప్పాలి. అందరూ ఎదురుచూశారు.

"తప్పేం లేదు" అని లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

పళ్ళక్క కారుని చేతిరుమాల్లో చుట్టుకుని ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. తమ్ముడు వంటగదిలో గిన్నెలు కడుగుతున్నాడు. ఆమె కారుని వాడి ముందు గట్టు మీద పెట్టింది. వాడు తడిచేతులతోనే దాన్ని ఎత్తి లోపలికి చూశాడు. తర్వాత బంపరు చూశాడు. నేల మీద కూలబడ్డాడు.

"కారు అమ్మలేదు కదరా?" అంది.

"లేదక్కా. మూసేసిన కర్రల కోతమిల్లు షెడ్డులో పెట్టాను."

"ఎవరో తెలుసా ఆవిడ?"

"మర్నాడు నువ్వే చెప్పావుగా. మా దర్జీ అన్న భార్య అని ఏడ్చావు. నేను నీకు మంచినీళ్ళిచ్చాను." వాడు కారుని ఒళ్ళో పెట్టుకుని రెండో బ్రేకుని వేలి కొసతో తాకబోయాడు. వేలు లోపలికి పట్టలేదు. "నాన్న పక్కనుంటే తొక్కేవాడక్కా."

పళ్ళక్కకి వాణ్ణి కొట్టాలనిపించింది. వాడి తల తన కడుపుకి అదుముకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేక కుళాయి కట్టేసింది.

"ఆయన పోలీసులకి చెప్పేస్తాడా?" అన్నాడు వాడు.

"తెలీదు."

"నువ్వు చెప్తావా?"

"నేను చెప్పనురా. నా నోటితో నిన్ను పట్టివ్వలేను. కానీ ఇహమీదట ఆ బల్ల దగ్గర ఆయన ఎదురుగా కూర్చోలేను. నీ ఎదురుగా కూర్చుని అన్నమూ తినలేను. ఏం చేస్తావో నువ్వే చూసుకో."

మర్నాడు పొద్దున వాడు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ఆయన దుకాణం ఎక్కడో చూపించు" అన్నాడు.

దర్జీ అప్పుడే తలుపులు తీసి, బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తున్నాడు. ముందు పళ్ళక్కని చూశాడు, తర్వాత వెనకున్నవాణ్ణి.

"ఆ పొద్దున కారు నడిపింది నేనేనండీ" అన్నాడు తమ్ముడు.

దర్జీ సుద్దముక్క కింద పెట్టాడు. ఆయన కుడిచేతి పక్కనే పెద్ద కత్తెరుంది. పళ్ళక్క దానివైపే చూస్తూ నిలబడింది.

"ఇలా రా" అన్నాడు.

తమ్ముడు వెళ్ళాడు. దర్జీ వాడి చొక్కా పట్టుకున్నాడు. పైనుంచి రెండో బొత్తాం దారానికి వేలాడుతోంది. ఆయన సూదిలోకి దారం ఎక్కించాడు.

"జాలిపడి కాదు" అన్నాడు, బొత్తాంలోంచి సూది దూరుస్తూ. "నా చేతులకి ఇప్పుడు ఏదో ఒక పని ఉండాలి. కదలకుండా చెప్పు."

తమ్ముడు చెప్పాడు. మంచులో ఏమీ కనపడలేదన్నాడు. చప్పుడయ్యాక దిగానన్నాడు. ఆమె కళ్ళు తెరిచే ఉందన్నాడు.

"ఏమైనా అందా?"

"సైకిలు పక్కకి తియ్యి బాబూ, ఎవరైనా తట్టుకుని పడతారు అంది. తీసి గోడకి ఆనించాను. వెనక్కి తిరిగేసరికి కింద నెత్తురు కనపడింది. భయమేసింది. కారెక్కేశాను."

"మళ్ళీ పిలిచిందా?"

సూది ఆగింది. ఆయన ఎదురుచూశాడు.

"పిలిచింది. బాబూ అని."

దర్జీ తలెత్తలేదు. సూది మళ్ళీ కదిలింది, బొత్తాం చుట్టూ దారం అవసరానికి మించి చుడుతూ పోయింది.

"సైకిలు గోడకి ఆనించి ఉందని పోలీసులు చెప్పారు" అన్నాడు చివరికి. "గుద్దినవాడు కాక ఇంకెవరో వచ్చారనుకున్నాను. ఎవరో మంచిమనిషి దాన్ని తీసిపెట్టాడనుకున్నాను. ఇన్నాళ్ళూ రోజూ పడుకోబోయే ముందు ఆ మనిషికి దణ్ణం పెట్టుకున్నాను."

ముడివేసి, వంగి, దారం పంటితో కొరికాడు. వాడి ఛాతీ మీద ఆయన తల ఒక్క క్షణం ఆనింది. దుకాణం మూసి, తాళంచెవి జేబులో వేసుకుని "పదండి" అన్నాడు.

తర్వాత కోర్టూ, నాలుగేళ్ళ జైలూ వరసగా వచ్చాయి. కోతమిల్లు షెడ్డు తెరిచి కారుని పోలీసులు ఈడ్చుకెళ్ళారు. అవన్నీ తర్వాత సంగతులు. ఆ పొద్దున మాత్రం ముగ్గురూ కలిసి నడుచుకుంటూ స్టేషనుకి వెళ్ళారు. తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్ళాక, బయట వరండాలో ఒకే బెంచీ ఉంటే పళ్ళక్కా దర్జీ దాని రెండు చివర్లా కూర్చున్నారు.

కాసేపటికి రాసుకునే పోలీసు పుస్తకం పట్టుకుని వచ్చాడు. పళ్ళక్క పేరూ చిరునామా రాసుకుని, దర్జీ వైపు తిరిగాడు.

"మీరెవరి తరఫున వచ్చారండీ?"

దర్జీ వరండా మెట్లవైపు చూశాడు.

"ఆవిడ తరఫున" అన్నాడు.

పోలీసు బెంచీ అవతలి చివర కూర్చున్న పళ్ళక్కని ఒకసారి చూసి, అలాగే రాసుకున్నాడు. దర్జీ సరిదిద్దలేదు.