కొనుక్కున్న చెడువార్త

ఊరికే వచ్చేదంటే రంగుల కొట్టు యజమానికి గిట్టదు. ఒక చేత్తో ఊరికే ఇచ్చేవాడు రెండో చేత్తో లాక్కుంటాడని వ్యాపారం నేర్పింది. అలాంటివాడి ఇంట్లోనే ఒక ఉచిత సలహాదారు తిరుగుతుండేవాడు. భార్య తమ్ముడు. పాలసీలు అమ్ముతాడు. బావ దగ్గర పైసా పుచ్చుకోడు. పుచ్చుకోనని భోజనం చేసిన ప్రతిసారీ గుర్తుచేస్తాడు కూడా.

"నీ దగ్గర డబ్బు తీసుకుంటానా బావా? ఛ! సొంతవాళ్లం."

ఈసారి వ్యవహారం మామూలు పాలసీ కాదు. పెయింట్ డబ్బాలు ఎత్తీ దించీ యజమాని మోకాళ్లు అరిగిపోయాయి. పక్కనున్న టైల్స్ కొట్టువాడు మధ్యగోడ పగలగొట్టి రెండు కొట్లూ ఒకటి చేసుకోవాలని, కొనడానికి సిద్ధంగా ఉన్నాడు. అమ్మితే వచ్చే ఆ డబ్బుతోనే మొగుడూ పెళ్లాం చివరిదాకా బతకాలి. అది పోతే మళ్లీ సంపాదించే ఓపిక లేదు. మొత్తం తీసుకెళ్లి ఒకే పెన్షన్ ప్లాన్‌లో పెట్టేయమంటాడు బామ్మర్ది.

పన్ను లెక్కలు రాసే గుమాస్తా మాత్రం, "డబ్బు ఎక్కడ పెట్టాలో సలహా చెప్పే ఒకావిడ ఉంది, సంతకం పెట్టేముందు ఆవిడకొకసారి చూపించండి. ఏ కంపెనీ మనిషీ కాదు," అని ఒక చిరునామా ఇచ్చాడు.

జిరాక్స్ షాపు మీద చిన్న గది. బల్లకి అటు ఆవిడ, ఇటు రెండు కుర్చీలు. కూర్చున్నాడో లేదో ఆవిడ ఫీజు ఎంతో చెప్పింది. యజమానికి కూర్చున్న కుర్చీ గుచ్చుకున్నట్టయింది.

"ఇంతా? నాలుగు మాటలు చెప్పడానికా?"

"మాటలకి కాదండీ. మీ లెక్కలన్నీ తిరగేయడానికి."

"సగానికి తేల్చండమ్మా. బోణీ బేరం."

"బోణీ పొద్దున్నే అయిపోయిందండీ."

ఇక తన తెలివంతా కూడగట్టుకుని అసలు బేరం పెట్టాడు. "పోనీ, నా దగ్గరేమీ తీసుకోకండి. మీరు చెప్పిన దాంట్లోనే పెడతాను. కంపెనీ ఇచ్చే కమీషన్ మీరే ఉంచుకోండి. నాకు ఖర్చు లేదు, మీకు నష్టం లేదు."

"అప్పుడు నేను మీ మనిషిని కాదు కదండీ. కంపెనీ మనిషిని."

లేచి వచ్చేద్దామని సగం లేచాడు. సగంలోనే ఆగిపోయాడు.

పెయింట్ డబ్బా మూత కింద కంపెనీ ఒక టోకెన్ పెడుతుంది. అది పెయింటర్‌కి. దాన్ని చూపిస్తే అతనికి డబ్బులొస్తాయి. ఇల్లుగలాయన కొట్టుకొచ్చి "ఏది మంచిదోయ్?" అని అడిగితే, పెయింటర్ మంచి రంగు చెప్పడు, పెద్ద టోకెన్ ఉన్న రంగు చెబుతాడు. కొట్టులో యజమాని నోరు మెదపకుండా ఆ డబ్బానే దించుతాడు. "మా పెయింటర్ సలహాకి పైసా అడగడండీ," అని ఇల్లుగలాయన మురిసిపోతూ డబ్బు లెక్కపెడతాడు. అలాంటి ఇల్లుగలాయనల్ని చూసి యజమాని ఎన్నిసార్లు మీసాల్లో నవ్వుకున్నాడో! ఇప్పుడు తనింట్లో మూత తీసినవాడు బామ్మర్ది. మురిసిపోయినవాడు తను. ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తేలక ఇంకా మండింది.

మళ్లీ కూర్చుని ఫీజు కట్టాడు.

వారం తర్వాత ఆవిడ లెక్క తేల్చింది. "ఇప్పుడే అమ్మితే ఈ డబ్బు మీ ఇద్దరికీ చివరిదాకా రాదండీ. ధరలు ఇలాగే ఉండవుగా. ఇంకో నాలుగేళ్లు కొట్టు నడపండి."

"మరి ఆ ప్లాన్?"

"అందులో పెట్టింది ఏళ్ల తరబడి కదలదు. మధ్యలో ఆస్పత్రి ఖర్చొస్తే నష్టానికి తీసుకోవాలి. అసలు పెట్టొద్దనను. మొత్తం పెట్టొద్దంటాను."

రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతూ తనను తనే తిట్టుకున్నాడు. ఊరికే చెప్పినవాడు హాయిగా కూర్చోమన్నాడు. డబ్బు పుచ్చుకున్నావిడ పని చేయమంది. చెడువార్తని రొక్కమిచ్చి కొనుక్కున్న వ్యాపారి లోకంలో ఇంకెవడైనా ఉంటాడా?

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బామ్మర్ది పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు.

"ఇక్కడొకటి, ఇక్కడొకటి పెట్టు బావా. నీ కష్టాలు గట్టెక్కినట్టే."

"ఒరేయ్, ఫీజు కట్టి ఒకావిడకి చూపిస్తే కొట్టు ఇంకా కొన్నేళ్లు నడపమంది. ఇందులో నీకెంత ముడుతుంది?"

"అదేం మాట బావా! కంపెనీ ఏదో ఇస్తుంది. నీ జేబులోంచి కాదుగా."

"కంపెనీకి ఎవడి జేబులోంచి వస్తుందిరా?"

"అక్కా, చూశావా! పరాయి మనిషికి ఫీజు కట్టొచ్చాడు. సొంత బామ్మర్ది దొంగైపోయాడు."

"దొంగవని ఎవడన్నాడు? ఎంత అని అడిగాను. నా కొట్లో బ్రష్ కొనేవాడు కూడా అడుగుతాడు."

బామ్మర్ది కాసేపు నసిగాడు. చివరికి గొంతు తగ్గించి అంకె చెప్పాడు. ఆవిడ ఫీజుకి ఎన్నో రెట్లు. "పెద్దదాని కాలేజీకి కట్టాలి బావా," అన్నాడు నేల చూస్తూ.

"అప్పు అడిగుంటే ఇచ్చేవాణ్ణి కదరా!"

"అప్పైతే తీర్చాలి కదా బావా."

 అరవబోతే యజమానికి నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు మళ్లీ కోపమొచ్చింది.

వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్న భార్య వచ్చి కాగితాలు మడిచి తమ్ముడి చేతిలో పెట్టింది. "భోంచేసి వెళ్లు. ఇవి మాత్రం మళ్లీ తేకు." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఎన్నేళ్లందండీ ఆవిడ?"

"నాలుగు."

"మీ ఒక్కరి వల్లా కాదు. రేపటి నుంచి గల్లాపెట్టె దగ్గర నేను కూర్చుంటాను. డబ్బాలెత్తడానికి మనిషిని పెడదాం."

"వాడి జీతం నీ పుట్టింటివాళ్లిస్తారా?"

"అడిగిన ప్రతివాడికీ మొహమాటపడి మీరు తగ్గిస్తారు చూడండి, అది నేను తగ్గించను. అందులోంచి వస్తుంది."

లెక్క సరిపోయింది. సరిపోయిందని ఒప్పుకోబుద్ధి కాలేదు. విశ్రాంతి తెచ్చుకుందామని బయల్దేరినవాడు నాలుగేళ్ల చాకిరీనీ, నెత్తిన ఒక యజమానురాలినీ తెచ్చుకున్నాడు. విసుగ్గా ఫోన్ తీసి, గోడ జోలికి రావద్దని టైల్స్ కొట్టువాడికి చెప్పాడు.

"రేటు ఇంకొంచెం పెంచమంటారా?" అన్నాడు వాడు ఆశగా.

"పెంచు. తొందరేం లేదు. నాలుగేళ్లుంది, నిదానంగా పెంచు," అని ఫోన్ పెట్టేశాడు.