సరంగు పైపు

పొద్దున్నే మొదటి లాంచీ కట్టు విప్పేముందు, దాన్ని నడిపే సరంగు పైపు వెలిగించేవాడు. కోడలు టికెట్లు ఇచ్చేది. కొడుకు కింద ఇంజన్ చూసుకునేవాడు. ఇంటిల్లిపాదీ ఒకే లాంచీ మీద బతకడం వల్ల ఇంట్లో మొదలైన గొడవలు నది మధ్యలో తేలేవి. మామగారు టీ తాగేంతసేపు చుక్కాని చక్రం కోడలి చేతిలో ఉండేది. ఆయన టీ ఇంకాస్త నెమ్మదిగా తాగితే బాగుండునని ఆమెకు రోజూ అనిపించేది. పైకి మాత్రం అనేది కాదు.

మామూలు రోజుల్లో సరంగు పైపు పొగ అందరి పొగలాగే గాల్లో కలిసిపోయేది. మంచు కమ్మితే మాత్రం నీలం దారంలా సాగి, నీళ్లమీదుగా అవతలి రేవు దాకా పోయి, అక్కడి గుంజకు చుట్టుకునేది. సరంగు దాని వెంటే లాంచీ నడిపేవాడు. ఎదురొచ్చే పడవవాళ్లు బట్టలారేసిన తీగను ఎత్తినట్టు ఆ పొగను చేత్తో ఎత్తి, కిందుగా వెళ్లిపోయేవారు. అవతల ఆసుపత్రిలో పనిచేసే నర్సు మంచు పట్టినప్పుడల్లా అడిగేది: "పొగ అందిందా సరంగు గారూ? నాకు డ్యూటీకి ఆలస్యమవుతోంది."

కొడుకు మంచివాడే, చేతులే ఊరుకోవు. ఎక్కడ మసి కనబడినా గీకితే తప్ప నిద్రపట్టదు. ఒక సెలవురోజు తండ్రి పైపు తీసుకుని, సిలిండర్ శుభ్రం చేసినట్టే పొగాకు కూరే గిన్నె లోపలి నల్లటి పొరను అడుగంటా గీకేశాడు. తళతళలాడే చెక్కను చూసి మురిసిపోయి, మెచ్చుకుంటారని నవ్వుతూ బల్లమీద పెట్టాడు. ముసలాయనకు చూపు మందం. ఎప్పటిలాగే పొగాకు నిండా కూరి వెలిగించాడు. సగం కాలేసరికి టప్‌మని గిన్నె నిలువునా పగిలింది.

"మసే కదా నాన్నా!" అన్నాడు కొడుకు.

"మసి కాదురా, అది చెక్కకు తొడుగు. ఇన్నేళ్లూ నిప్పును ఆపింది అదే."

కొడుకు ముఖం మాడిపోయింది. ఆ రోజంతా వాడు ఏ పనిముట్టూ ముట్టుకోలేదు.

మంచుకాలం దగ్గరపడుతోంది. లాంచీల యజమాని పైపు సంగతి విని రేవుకొచ్చి ఉన్నమాట చెప్పేశాడు. "మొదటి మంచురోజు దాటించారా, లాంచీ మీ చేతిలోనే ఉంటుంది. లేదంటే వేరే సిబ్బందిని పెట్టుకుంటాను. జనం నా పీకమీద కూర్చుంటారు."

కొత్త పైపు వచ్చింది. ముసలాయన ఆదుర్దాకొద్దీ గుప్పుగుప్పున పీల్చాడు. పొగ తిన్నగా ఇంటికప్పుకు పోయి, అక్కడే ముడుచుకు కూర్చుంది. కోడలు పైపును తన చెంపకు ఆనించి చూసింది. చురుక్కుమంది.

"కాలిపోతోంది మామయ్యా. మీరు కోపంగా కాలుస్తున్నారు. ఇటివ్వండి."

"నువ్వా?"

"ఇంకెవరు? మీ అబ్బాయా?"

ముసలాయనకు నవ్వొచ్చింది. ఆయన మీసం కదిలి చాలా రోజులైంది. దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పాడు. మొదట్లో గిన్నె సగమే నింపాలి. వేలితో మెత్తగా అదమాలి, కూరకూడదు. వేడి పాలు చప్పరించినట్టు కొంచెంకొంచెంగా పీల్చాలి. చెంప ఓర్చుకోలేనంత వేడెక్కితే పక్కన పెట్టాలి. అడుగుదాకా కాల్చాలి, చల్లారేదాకా కాడ పీకకూడదు, బూడిద దులపడానికి గట్టుకేసి కొట్టనేకూడదు. ఒకపూట కాలిస్తే మరోపూట విశ్రాంతి ఇవ్వాలి.

దగ్గి దగ్గి కోడలి కళ్లు ఎర్రబడ్డాయి. భర్త గుమ్మంలో నిలబడి నసిగాడు. "అమ్మ ఉంటే ఏమనేదో..."

"అత్తయ్య ఉంటే మీ చేతికి పైపు అందనిచ్చేదే కాదు. ఆ స్క్రూడ్రైవర్ అవతల పెట్టండి."

రోజులు గడిచేకొద్దీ గిన్నె లోపల సన్నటి నల్లపొర కట్టింది. ఒక సాయంత్రం పొగ కప్పుమీదికి ఎక్కకుండా గుమ్మం దాటి, వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చింది. "అడుగులేస్తోంది," అన్నాడు ముసలాయన, మనవరాలి గురించి చెప్పినట్టు.

మొదటి మంచు దిగిన పొద్దున లాంచీ కిక్కిరిసింది. యజమాని కూడా ఎక్కి ముందువరసలో కూర్చున్నాడు. ముసలాయన పైపు వెలిగించాడు. అందరి కళ్లూ వీపుమీద గుచ్చుకుంటుంటే పీల్పు పెరిగింది. గిన్నె వేడెక్కింది. పొగ ఆయన తలచుట్టూ తిరుగుతోందే తప్ప ముందుకు పోవడం లేదు. కోడలు గిన్నెనే చూస్తోంది. కొత్త గిన్నె కూడా పగిలితే ఈ లాంచీ ఇక తమది కాదు.

ఆయన పైపు నోట్లోంచి తీసి, చెంపకు ఆనించి, ఆమె చేతిలో పెట్టాడు. "నా ఊపిరి దీనికి కొత్తమ్మా. నీ దగ్గర పెరిగింది, నీ మాటే వింటుంది."

ఆమె చల్లారేదాకా ఆగింది. యజమాని గొంతు సవరించుకున్నాడు. ఆమె అటు చూడలేదు. తర్వాత ఆరిపోతుందేమో అన్నంత మెల్లగా పీల్చింది. నీలం దారం ఒకటి లేచి, కిటికీ దాటి, మంచులోకి నడిచిపోయింది.

"చక్రం పట్టుకోండి మామయ్యా, కొంచెం ఎడమకు."

ముసలాయన పట్టుకోలేదు. పక్కకు జరిగాడు. "పైపు ఒకరి నోట్లో, చక్రం ఒకరి చేతిలో ఉంటే ఎలా కుదురుతుంది? నువ్వే పట్టు."

"మరి టికెట్లు?"

ఆయన ఆమె భుజం మీది టికెట్ల సంచీ తీసి తన మెడలో వేసుకున్నాడు. మొదటి టికెట్ యజమానికే చింపి ఇచ్చాడు. యజమాని తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. కోడలు చక్రం పట్టుకుంది. ఇన్నేళ్లూ ఒక టీ తాగేంతసేపు మాత్రమే దొరికిన సంతోషం ఇప్పుడు నది అంత వెడల్పున ఆమె ముందుంది.

అవతలి రేవులో లాంచీ మెత్తగా గుంజను తాకింది. నర్సు దిగుతూ వెనక్కి తిరిగింది. "సరంగు గారూ, సాయంత్రం ఆఖరి లాంచీ ఎన్నింటికి?"

ముసలాయన అలవాటుకొద్దీ నోరు తెరిచాడు. నర్సు చూస్తున్నది ఆయన్ని కాదు. ఆయన నోరు మూసుకుని టికెట్లు సర్దుకోసాగాడు.

కోడలు పైపు తీసి చెంపకు ఆనించుకుంది. గిన్నె గోరువెచ్చగా ఉంది.

"మీరొచ్చేదాకా ఆగుతాను, నెమ్మదిగా రండి," అంది సరంగు.