జ్ఞానదంతం గారున్నారా?

కట్టుడుపళ్ళు చేయడంలో ఆమెకు సాటి లేదని ఊళ్ళో పళ్ళ డాక్టర్లంతా ఒప్పుకుంటారు. ఆమె మొహం చూసినవాళ్ళు మాత్రం ఆ డాక్టర్లలో ఒక్కరూ లేరు. నేలమాళిగలోని ల్యాబులో, వరసగా పేర్చిన ప్లాస్టర్ దవడల మధ్య, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కతే పని చేసుకునేది.

సరిగ్గా ఒంటిగంటకు చేతులు కడుక్కుని ఫోను తెరిచేది. అందులో ‘ఎవరబ్బా?’ అని ఒక ఆట. రోజుకొక మరుగునపడ్డ చారిత్రక వ్యక్తి. ఒక్కో ఆధారం చూపిస్తుంటే ఇద్దరు ఆటగాళ్ళు వంతులవారీగా పేరు ఊహించాలి. తప్పు పేరు చెప్తే, ఆ తప్పు పేరుగల మనిషి వృత్తీ పుట్టిన సంవత్సరమూ తెర మీద ఇద్దరికీ కనిపిస్తాయి. సరైన పేరు పడిందా, ఆట అంతటితో సరి. కబుర్లు రాసుకునే వీలు లేదు. చనిపోయినవాళ్ళ పేర్లు తప్ప జవాబు కొట్టే గడిలో ఇంకేమీ పట్టవు.

ఆటలో ఆమె పేరు జ్ఞానదంతం. అవతలి పేరు గుడ్డిదీపం. ఆడో మగో తెలియదు. ఎనిమిది నెలలుగా రోజూ ఈ ఇద్దరే. మధ్యలో ఒకసారి జ్వరమొచ్చి ఆమె మూడు రోజులు ఆడలేదు. తిరిగొచ్చి చూస్తే, గుడ్డిదీపం కూడా మూడు రోజులు ఆడలేదు. నూట తొంభై రోజుల వరస హాజరు తెగిపోతుంటే తెగనిచ్చింది. తన కోసం ఎవరైనా ఏదైనా వదులుకోవడం ఆమె ఎరగదు.

ఆ ఆటను ఇవాళ్టితో మూసేస్తున్నారు.

“ఏంటే, మొహం అలా వేలాడేశావ్?” అంటూ వదిన మెట్లు దిగింది. ల్యాబు ఆవిడదే. “డబ్బా మూత కూడా తియ్యలేదు!”

“ఆకలి లేదొదినా.”

“చచ్చినోళ్ళతో కాపురం ఇంకా తెమల్లేదా? బతికున్నోణ్ణి ఒకణ్ణి చూస్తానంటే వినవు కదా.”

“బతికున్నోళ్ళ దవడలు రోజూ చూస్తున్నాగా. చాల్లే.”

వదిన పకపకా నవ్వి, మరో దవడ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆమె ఎత్తు సిద్ధంగా ఉంది. తన ఫోను నంబరు గుడ్డిదీపానికి చేరాలి. దానికి పది అంకెలు. ఒక్కో తప్పు పేరుకు పుట్టిన సంవత్సరంలోని చివరి రెండంకెలు. అంటే ఐదుగురు చాలు. వారం రోజులు, ఇలాంటి మనుషుల వివరాలు రాసుకునే తన నోటుపుస్తకం తిరగేసి ఆ ఐదుగురినీ ఏరి పెట్టుకుంది. ఈలోగా గుడ్డిదీపం సరైన పేరు చెప్పేస్తే మాత్రం శ్రమంతా మట్టిపాలే.

ఒంటిగంట అయింది. మొదటి ఆధారం: దీవిదీవికీ తిరిగి తాళాలు బాగుచేసిన సన్యాసిని. జవాబు ఆమెకు ఇట్టే తెలిసిపోయింది. గుడ్డిదీపానికీ తెలిసే ఉంటుంది.

ఆమె మొదటి తప్పు పేరు కొట్టింది. నిమిషం తర్వాత అవతలి నుంచి ఎవరో రాజు పేరు పడింది. శుద్ధ తప్పు!

ఆమెకు ఊపిరాడింది. రెండో పేరు. మూడో పేరు. అవతలి నుంచీ తప్పు మీద తప్పు. కావాలనే ఆట సాగదీస్తోంది.

నాలుగో పేరు, కప్పల కూతలకు నిఘంటువు రాసిన పంతులుది. కొట్టింది. తెర చూసి కొయ్యబారిపోయింది. తన పుస్తకం ప్రకారం ఆయన పుట్టింది నలభై ఆరులో. ఆట అరవై నాలుగు చూపిస్తోంది! ఆటవాళ్ళు అంకెలు తారుమారు చేశారు. ముందుగా ఆటలో సరిచూసుకోవాలని ఆమెకు తట్టనే లేదు. ఆట చెప్పే సంవత్సరాలను ఆమె ఏనాడూ పట్టించుకోలేదు, తన పుస్తకమే నమ్మేది మరి.

వెనక్కి తీసుకునే దారి లేదు. ఐదో పేరు కొట్టింది. గుడ్డిదీపం ఈసారి సన్యాసిని పేరు చెప్పేసింది. ‘ఇన్నాళ్ళూ ఆడినందుకు ధన్యవాదాలు’ అని వచ్చి, తెర తెల్లబోయింది.

ఐదు నిమిషాలు. ఫోను మోగలేదు.

ఆమె తన నంబరులోనే నలభై ఆరుకు బదులు అరవై నాలుగు పెట్టి, గుడ్డిదీపానికి అందిన ఆ తప్పు నంబరుకే చేసింది. బిజీ. కాసేపాగి మళ్ళీ చేసింది.

“డ్రైవింగ్ స్కూలు!” అని అరిచింది ఒక గొంతు. “ఒరేయ్, బ్రేకు! బ్రేకు తొక్కరా! ఎవరండీ?”

“ఇందాక మీకెవరైనా... జ్ఞానదంతం కావాలని...”

“ఓహో, మీరూ ఆ బాపతేనా! ఎవరో పెద్దాయనమ్మా. జ్ఞానదంతం గారున్నారా అంటాడు. పీకించుకోవాలంటే డాక్టరు దగ్గరికెళ్ళండి అన్నాను. అయితే కప్పల పంతులు పుట్టింది నలభై ఆరులోనేనన్నమాట, అని పెట్టేశాడు!”

“పెట్టేస్తానండీ!”

“నన్నడుగుతారేంటి, పెట్టేయండి!”

తెర మీద తెలియని నంబరు నుంచి ఒక మిస్డ్ కాల్ ఉంది. వెంటనే దానికి చేసింది. బిజీ. ఆయనా తనకే చేస్తున్నాడు. ఫోను బల్ల మీద పెట్టి, చేతులు రెండూ ఒళ్ళో దాచుకుంది.

మోగింది.

“నలభై ఆరే కదండీ?” బొంగురు గొంతు, ఆయాసపడుతోంది.

“నలభై ఆరేనండీ.”

ఏ పేర్లు చెప్పాలో వారం రోజులు ఆలోచించింది గానీ, ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఆమె ఒక్క క్షణమైనా అనుకోలేదు. ఆయనా అనుకున్నట్టు లేదు. ఆయన గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. చాలాసేపు ఇద్దరూ ఆ చప్పుడే విన్నారు. ఫోను మాత్రం ఎవరూ పెట్టేయలేదు.