ఎడమకాలి మేజోడు

మేజోడు అల్లడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు, మడమ దాకా. పైనుంచి గొట్టంలా గుండ్రంగా దిగిపోవడమే కదా, కబుర్లాడుకుంటూ అల్లేయొచ్చు. మడమ దగ్గర మాత్రం అల్లికని మలుపు తిప్పాలి. అక్కడికొచ్చేసరికి ఎంతటివాళ్ళకైనా చెమటలు పడతాయి. ఒక్క కుట్టు తప్పిందా, మడమ కాస్తా మూతి ముడుచుకున్న సంచీలా తయారవుతుంది. ఊలు కొట్టు వెనకగదిలో గురువారం సాయంత్రాలు కూడేవాళ్ళలో అందరి మడమలూ గట్టెక్కించేది ఒకావిడే. అందుకే ఆవిడకి మడమల పిన్ని అని పేరు పడిపోయింది. అసలు పేరు ఆవిడకైనా గుర్తుందో లేదో!

పిన్ని ఒకప్పుడు బస్ డిపోలో కిటికీ వెనక కూర్చుని టిక్కెట్లు ఇచ్చేది. ఉద్యోగం అయిపోయింది, మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఇంట్లో పలకరించే దిక్కు లేక రేడియోతో దెబ్బలాడేది. అలాంటి మనిషికి ఆ వెనకగది దొరికింది. చెప్పొద్దూ, గురువారం అంటే ప్రాణం పెట్టేది. ముందురోజే సంచీ సర్దేసుకునేది. గోడల నిండా ఊలు ఉండలు, మూల స్టవ్ మీద టీ, చుట్టూ ఎవరి ఒళ్ళో వాళ్ళ అల్లిక. బస్సు డ్రైవరుగారు అంతేసి మీసాలు పెట్టుకుని పసిపాపల మేజోళ్ళు అల్లేవాడు. కుట్టు జారినప్పుడల్లా బ్రేకు తొక్కినట్టు కుడికాలు నేలకేసి తన్నేవాడు.

"ఏం డ్రైవరుగారూ, ఎవరడ్డం వచ్చారు?" అనేది పిన్ని. గదంతా గొల్లుమనేది. డ్రైవరుగారు మాత్రం నవ్వేవాడు కాదు.

ఆ గదికి పెద్ద టీచరమ్మ. బళ్ళో లెక్కలు చెప్తుంది, ఇక్కడ అల్లిక నేర్పుతుంది. పెళ్ళి చేసుకోలేదు, ముసలి తల్లిని పెట్టుకుని ఉంటోంది. ఎంత ఓర్పో ఆవిడకి! కొత్తగా వచ్చినవాళ్ళు ఊలుని పీక పిసికినట్టు పట్టుకుని, సూది కూడా దూరనంత బిగించేస్తారు. వాళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కుట్టు కింద వేలు దూర్చి చూసి, "కాస్త వదులు పెట్టాలండీ. మొదట్లో అందరూ బిగించేస్తారు. పోనుపోను చేతికి అలవాటవుతుంది" అనేది. ఆ గొంతు వింటే సగం అల్లిక వచ్చేసినట్టే ఉండేది. ఇలాంటి కూతురు కడుపున పుట్టడానికి ఆ తల్లి ఏ నోము నోచుకుందో అనుకునేది పిన్ని.

ఆ గదిలో ఓ పద్ధతి ఉంది. అక్కడ అల్లిన మేజోడు చిరిగితే అక్కడికే బాగుకి రావాలి. ఆ బాగుచేసే పని కూడా పిన్నిదే. చిరుగుని చూసి మనిషి నడక చెప్పేసేది. డ్రైవరుగారికి కుడికాలి బొటనవేలి దగ్గర, నిలబడి నిలబడి కొట్టాయనకి రెండు మడమలూ, ఇలా. టీచరమ్మ తల్లి మేజోళ్ళు మొదటిసారి చేతికొచ్చినప్పుడు మాత్రం పిన్నికి పాలుపోలేదు. అరికాళ్ళు కొత్తవాటిలా ఉన్నాయి. కుడికాలిది ముట్టుకోనక్కర్లేదు. ఎడమకాలిది చీలమండకి పైన చుట్టూ గాజులా అరిగిపోయి, ఊలు పీచులు లేచి ఉంది.

"అమ్మగారికి బూట్లేమైనా తొడుగుతున్నావా టీచరమ్మా?"

"లేదు పిన్నీ. గోక్కుంటుంది." ఒళ్ళోని అల్లిక మీంచి తల ఎత్తలేదు.

పిన్ని అరిగిన చోట నైలాన్ దారం కలిపి కొత్త వరసలు అల్లింది. ఇక చూద్దాం ఎలా గోక్కుంటుందో అని తనలో తను మురిసిపోయింది కూడా. చలి ముదిరేసరికి అదే మేజోడు మళ్ళీ వచ్చింది. అదే కాలు, అదే చోటు. ఈసారి టీచరమ్మే దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "కొత్త జత అల్లిపెట్టండి పిన్నీ. ఎడమదానికి చీలమండ దగ్గర మాత్రం రెట్టింపు మందంగా రావాలి, లోపలివైపు మెత్తగా." ఆ పక్కనే పిన్ని బుట్టలో పడున్న మిగులు ఊలు చూసి, "ఇవి నేను పట్టుకెళ్ళనా? ఇంట్లో పనికొస్తాయి" అంది. మెరూను, ఆవపువ్వు పసుపు, ముదురాకుపచ్చ. అయ్యో తల్లీ, దానికి అడగాలా అని పిన్ని మొత్తం బుట్ట ఒంపేసింది.

మందంగా అల్లిన ఆ చీలమండ చూసి గదిలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. లోపల ఉబ్బెత్తుగా, పైన నున్నగా, చిన్న దిండు చుట్టినట్టు వచ్చింది. ఇచ్చిన రోజున టీచరమ్మ దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెచ్చుకోలు అనుకుంది పిన్ని.

ఆ జత కూడా తిరిగొచ్చింది. ఉతికి, మడతపెట్టి. దిండులాంటి ఆ మందం అణిగి అట్టకట్టేసింది. చుట్టూ గాజులా అదే గీత. గీత పొడుగునా ఎంత ఉతికినా వదలని గోధుమరంగు మరక. పిన్ని దాన్ని దీపం కిందకి తీసుకెళ్ళింది. వేలితో తడిమింది. ఇది గోకుడు కాదు. గోకితే ఒకచోట పోతుంది గానీ చుట్టూ సమంగా పోదు. ఏదో ఒకటి ఆ కాలిని పట్టుకుని ఉంటోంది. తలెత్తి చూస్తే అవతల టీచరమ్మ ఎవరికో కుట్టు వదులు చేసి చూపిస్తోంది. మధ్యమధ్య ఆవిడ చూపు గడియారం మీదకి వెళ్తోంది. ఇన్నాళ్ళూ ప్రతి గురువారమూ అలాగే చూసేదని, ఎవరు "ఇంకో వరస కూర్చోండి" అన్నా మొహం పాలిపోయేదని పిన్నికి ఇప్పుడు తట్టింది.

"తలనొప్పిగా ఉంది, వెళ్తానమ్మా" అని చెప్పి బయటపడింది.

టీచరమ్మ ఇల్లు రెండు వీధుల అవతల, బస్సురోడ్డు మీదే. తలుపుకి బయట తాళం. లోపల దీపం. పిన్ని మెట్ల పక్కనున్న కిటికీ అద్దానికి మొహం ఆనించింది. తెల్లగా, పొట్టిగా ఉన్న ముసలావిడ గదిలో నడుస్తోంది. నాలుగడుగులు తలుపువైపు. అక్కడ ఏదో ఆవిడ ఎడమకాలిని వెనక్కి లాగేసేది. తూలి, నిలదొక్కుకుని, వెనక్కి తిరిగేది. మళ్ళీ నాలుగడుగులు. కాలినుంచి మంచం కోడు దాకా ఓ తాడు. మెత్తగా, అందంగా, గొట్టంలా అల్లిన తాడు. మెరూను, ఆవపువ్వు పసుపు, ముదురాకుపచ్చ.

ముసలావిడ కిటికీ వైపు చూసింది. "తలుపు తియ్యమ్మా. ఆలస్యమవుతోంది" అంది.

పిన్ని మెట్ల మీద కూలబడిపోయింది. టీచరమ్మ వచ్చేదాకా ఆ మాటే వినబడుతూ ఉంది. వీధి మలుపులో టీచరమ్మ ఇంచుమించు పరిగెత్తుతూ వస్తూ, పిన్నిని చూసి ఆగిపోయింది.

"మనిషివేనా నువ్వు?" అంది పిన్ని. "కన్నతల్లిని గొడ్డుని కట్టేసినట్టు కట్టేస్తావా? నా చేత మందంగా అల్లించుకుని, నా ఊలుతోనే తాడు పేనుతావా?"

టీచరమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడలేదు, ఏడవనూ లేదు. వచ్చి పక్కన మెట్టు మీద కూర్చుంది. "డ్రైవరుగారిని అడగండి పిన్నీ. మతి తప్పాక ఓసారి అమ్మ ఆయన బస్సు ముందే అడ్డంగా వెళ్ళిపోయింది. చక్రానికీ ఆవిడకీ మధ్య జానెడు. ఆయనే ఎత్తుకుని తెచ్చాడు. అప్పట్నుంచీ ఆయన కాలు అలా తన్నుకుంటుంది, మీరు నవ్వుతారు కదా. గడియలు పెడితే తలుపుకేసి తల బాదుకుంటుంది. తాడు కడితే బాదుకోదు. ఎందుకో నాకూ తెలీదు. బడివేళల్లో మనిషిని పెట్టుకున్నా. ఆ మనిషి సాయంత్రం ఉండదు. వారమంతటికీ నాకు ఆ గురువారం ఒక్కటే పిన్నీ. అది కూడా లేకపోతే పిచ్చెక్కిపోయేది."

"అయితే ఆ గురువారం నేను ఇక్కడ కూర్చుంటాను" అంది పిన్ని. "నువ్వెళ్ళు. అంతేగానీ ఆ కాలికి ఇక తాడు తగలడానికి వీల్లేదు. చెప్తున్నాను."

అందరికీ గురువారం అంటే ఇష్టమే. పిన్నికి అదొక్కటే ఉంది. అయినా ఆ మాట అనేసింది, అన్నందుకు ఛాతీ కాస్త పొంగింది కూడా. టీచరమ్మ లోపలికెళ్ళి తాడు విప్పి, చుట్టచుట్టి పిన్ని చేతిలో పెట్టింది. "మీ దగ్గరే ఉంచండి" అంది. పిన్ని దాన్ని పాముని పట్టుకున్నట్టు పట్టుకుని అల్లిక సంచీ అడుగున తోసేసింది.

తర్వాతి గురువారం టీచరమ్మ వెళ్తూ వెళ్తూ చెప్పింది. "వెనక తలుపు గడియ మాత్రం తీయకండి పిన్నీ."

"నాకు చెప్పాలా! నువ్వు వెళ్ళమ్మా, నిశ్చింతగా అల్లుకో."

మొదట్లో ఎంత బాగుందో! ముసలావిడ రెండు చేతులూ చాపితే పిన్ని వాటి మీద ఊలు వేసి ఉండ చుట్టింది. ఆ చేతులు ఎటు వంగాలో వాటికే తెలుసు. "చూశావా పెద్దమ్మా, హాయిగా ఉన్నావు కదా. నిన్ను కట్టేస్తారా!" అని ముద్దుచేసింది. ముసలావిడ నవ్వింది కూడా. తలుపులన్నీ బిగించేసరికి గది ఉక్కపోసినట్టుంది. ఇదేం బతుకు, జైలా ఏమన్నానా అనుకుని, టీ పెట్టుకుంటూ పిన్ని వెనక తలుపు గడియ తీసి ఓరగా ఉంచింది. కాస్త గాలి రానీ అని. తర్వాత వచ్చి కూర్చుని మేజోడు తీసింది. ముసలావిడ కోసమే, చీలమండ దగ్గర ఏ మందమూ లేని మామూలు జత. సరిగ్గా మడమ దగ్గర ఉంది.

మడమ దగ్గర ఉన్నవాళ్ళని పలకరించకూడదు. కుట్లు లెక్కపెట్టుకుంటున్నప్పుడు ఇల్లంటుకున్నా తెలియదు. "ఆలస్యమవుతోంది" అని ముసలావిడ ఒకసారి అంది. "ఒక్క వరస పెద్దమ్మా, ఈ ఒక్క వరస" అంది పిన్ని, తల ఎత్తకుండానే.

వరస అయింది. తల ఎత్తింది. కుర్చీ ఖాళీ.

వెనక తలుపు బార్లా తీసి ఉంది. పిన్ని చెప్పుల్లేకుండా సందులోంచి పరిగెత్తింది. బస్సురోడ్డు మధ్యలో ముసలావిడ, ఒట్టి మేజోళ్ళతో, ఎవరో ఎదురు చూస్తున్నట్టు గబగబా నడుచుకుంటూ పోతోంది. లారీ హారన్ కొట్టింది. దీపాల వెలుతురు ఆవిడ మొహమంతా పడింది. పిన్ని ఆవిడ జాకెట్టు వీపు దొరకబుచ్చుకుని వెనక్కి గుంజింది. ఇద్దరూ పక్కనున్న మట్టిలో పడ్డారు. లారీ గాలి చెవిని కోసుకుంటూ పోయింది. లారీవాడు దూరంనుంచి ఏదో తిట్టాడు.

ఎలా లోపలికి ఈడ్చుకొచ్చిందో పిన్నికి తెలీదు. గడియ పెట్టింది. ముసలావిడ ఆ చేతినే పట్టుకుని కొరికింది. తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళి నుదురు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ధన్‌, ధన్‌ మని.

"వద్దు పెద్దమ్మా, నీకు దణ్ణం పెడతా, వద్దు!" పిన్ని వెనకనుంచి వాటేసుకుంది. అంత చిన్న ఒంట్లో ఎక్కడిదో ఆ బలం, మోచేత్తో పిన్నిని గోడకి కొట్టింది. మళ్ళీ ధన్‌. నుదురు చిట్లింది. రక్తం కనుబొమ్మలోకి దిగింది. ఈ మనిషి నా చేతుల్లోనే చచ్చిపోతుంది అనుకుంది పిన్ని. ఎవరినైనా పిలవాలంటే తలుపు తీయాలి. తలుపు తీస్తే ఆవిడ రోడ్డు మీదే.

ఏం చేస్తోందో తెలిసే చేసింది. సంచీ బోర్లించింది. తాడు బయటపడింది.

తాడు చూడగానే ముసలావిడ ఆగిపోయింది. తలుపు వదిలేసి, నడిచొచ్చి మంచం మీద కూర్చుంది. ఎవరూ అడక్కుండానే ఎడమకాలు ముందుకి చాపింది.

పిన్ని కింద కూర్చుని కట్టింది. కాలికి ఉన్నది తను తిరిగిచ్చేసిన పాత మేజోడే. రెట్టింపు మందంగా తను అల్లిన చోటే, తాడు గాడిలో పడ్డట్టు కూర్చుంది. చాలదనిపించి ఇంకో ముడి వేసింది. విడిపోతుందేమోనని ఇంకోటి.

టీచరమ్మ వచ్చేసరికి ముసలావిడ నడుస్తోంది. నాలుగడుగులు, వెనక్కి, నాలుగడుగులు. పిన్ని నేల మీదే, మంచానికి ఆనుకుని, ఒళ్ళో తడిగుడ్డ పెట్టుకుని ఉంది. ఆ మాటకోసం కాచుకుని కూర్చుంది. మనిషివేనా అని తను అన్న మాట. అంటే బాగుండును. చెంప మీద కొట్టినా బాగుండును.

టీచరమ్మ తల్లి నుదురు చూసింది, వెనక తలుపు చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని, తల్లి ఎడమకాలిని ఒళ్ళోకి తీసుకుని, తాడు కింద వేలు దూర్చి చూసింది. వేలు దూరలేదు. ఓపిగ్గా ఒక్కో ముడీ విప్పడం మొదలుపెట్టింది.

"కాస్త వదులు పెట్టాలి పిన్నీ" అంది, గురువారాల గొంతుతోనే. "మొదట్లో అందరూ బిగించేస్తారు. పోనుపోను చేతికి అలవాటవుతుంది."